కుక్కకు పెరటి అలవాటు నేర్పడం ఇంటివారి బాధ్యత

వీధికుక్కలను దత్తత తీసుకోండి అన్న పిలుపు ఇటీవల మన నగరాలలోను, పట్టణాలలోను తరచుగా వినిపిస్తోంది. ఢిల్లీ వీధికుక్కల వ్యవహారంలో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనూ ఈ ప్రస్తావన ఉంది. జంతుప్రేమికులు కుక్కలను దత్తత కోరుతూ నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పిన న్యాయస్థానం, అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసుకోవలసిన బాధ్యత దరఖాస్తుదారుదేనని కూడా స్పష్టం చేసింది.

ఆ రెండవ మాట గురించే నేడు మీతో కొన్ని విషయాలు చెప్పదలచాను. కుక్కను ఇంటికి తేవడం ఒక పూట పని. దానిని ఇంట్లో నిలుపుకోవడం పదేళ్ళ పైచిలుకు పని. తొలి నెలలోనే ఎన్నో ఇళ్ళలో ఉత్సాహం చల్లారిపోవడం నేను గమనించాను. కారణం వినడానికి చిన్నదే. హాల్లో మూత్రం, మంచం కింద మలం, మెట్ల మీద వాసన. మొదట విసుగు కలుగుతుంది. తరువాత దెబ్బలు, ఆపైన రోజంతా గొలుసు. చివరకు ఒక రాత్రివేళ ఊరి బయట వదిలివేయడం. ఆకలిదప్పులతో అలమటించే పరిస్థితిలో పెంపుడు జంతువును అకారణంగా వదిలివేయడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరమన్న సంగతి చాలామందికి తెలియదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కుక్క ఇల్లు పాడుచేయడం దాని పొగరు కాదు. మనం నేర్పని విషయం అది చేయకపోవడం మాత్రమే. ఇంటి ఆవరణలో దానికంటూ ఒక మూల చూపించి, అక్కడే మలమూత్రాలు విసర్జించే అలవాటు చేసి, ఏ రోజుది ఆ రోజు ఎత్తి శుభ్రం చేసే ఓపిక లేనివారు కుక్కను తేకపోవడమే మేలు. ఇది కఠినంగా తోచవచ్చు. ఎందుకు ఇలా అంటున్నానో వివరిస్తాను.

వీధి ఉంది కదా అనే వాదన

"ఇంట్లో ఎందుకండీ, పొద్దున్నే అలా వీధిలోకి తీసుకువెళితే సరిపోతుంది కదా" అని చాలామంది అంటారు. తెల్లవారుజామున మన కాలనీలలో ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. యజమాని గొలుసు పట్టుకొని ఆకాశం వైపు చూస్తుంటాడు. కుక్క ఎదురింటివారి గేటు ముందు, కొన్నిసార్లు అప్పుడే వేసిన ముగ్గు మీద, తన పని కానిస్తుంది. ఆ తరువాత ఇద్దరూ ఏమీ ఎరుగనట్లు ముందుకు సాగిపోతారు. ఇరుగుపొరుగు వైరాలు ఇక్కడినుంచే మొదలవుతాయి. కుక్కలంటేనే గిట్టనివారు తయారయ్యేదీ ఇక్కడినుంచే.

మర్యాద మాట అలా ఉంచి, ఆరోగ్యం మాట చూద్దాం. మన వీధులలో ఇల్లు కడుతున్న ప్రతి చోటా ఇసుక కుప్ప ఉంటుంది. కుక్కలకు, పిల్లులకు తవ్వడానికి వీలుగా ఉండే మెత్తని ఇసుక ఇష్టం. ఆ వీధి పిల్లలకు ఆటస్థలమూ అదే. ఉత్తకాళ్ళతో, ఉత్తచేతులతో, నోట్లో వేళ్ళు పెట్టుకుంటూ ఆడే రెండేళ్ళ, మూడేళ్ళ పసివారు అక్కడ ఉంటారు. మనం వీధిలో వదిలి వచ్చినది ఎక్కడికీ పోదు. మరొకరి బిడ్డ చేతికి చేరుతుంది.

మట్టిలో ఏం జరుగుతుంది

కుక్క మలంలో ముఖ్యంగా రెండు రకాల పురుగుల గుడ్లు వస్తాయి. మొదటివి టాక్సోకారా అనే ఏలికపాములు. తల్లి గర్భంలో ఉండగానే ఇవి కుక్కపిల్లకు సంక్రమించగలవు. తల్లిపాల ద్వారానూ రాగలవు. అందువల్ల చూడడానికి ముద్దుగా, బొద్దుగా ఉన్న కుక్కపిల్ల కడుపులో పురుగులు ఉండవని అనుకోరాదు. ఈ గుడ్లు మనిషి నోటిలోకి పోతే, వాటినుంచి వెలువడిన పిల్లపురుగులు పేగు గోడను తొలుచుకొని కాలేయానికి, ఊపిరితిత్తులకు, అరుదుగా కంటికి చేరుతాయి. కంటికి చేరితే చూపు దెబ్బతినవచ్చు. ఎక్కువగా ఈ ప్రమాదం చిన్నపిల్లలకే.

రెండవవి కొంకిపురుగులు. మన పల్లెలలో రక్తహీనతకు కారణమైన మనుషుల కొంకిపురుగులకు ఇవి దాయాదులు. వీటి పిల్లపురుగులు తేమగల మట్టిలో కాచుకొని ఉండి, ఉత్తకాళ్ళతో నడిచేవారి చర్మం గుండా లోపలికి చొరబడతాయి. మనిషి వాటికి సరైన ఆశ్రయం కాదు గనుక, చాలావరకు లోతుకు పోలేక చర్మం కిందనే వంకరటింకరగా పాకుతాయి. పాదం మీద ఎర్రని గీత రోజురోజుకు పొడవవుతూ, భరించలేని దురద పెడుతుంది. దీనిని గజ్జి అనుకొని నెలల తరబడి పూతమందులు రాసుకునేవారున్నారు. సరిగా గుర్తిస్తే మందు చాలా సులువైనది.

ఇక్కడ మీరు శ్రద్ధగా గమనించవలసిన అంశం ఒకటుంది. అప్పుడే విసర్జించిన మలంలోని గుడ్లు వెంటనే ప్రమాదం కలిగించవు. టాక్సోకారా గుడ్డు మట్టిలో పడి, సంక్రమించే స్థితికి రావడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంకిపురుగుల గుడ్లు ఒకటి రెండు రోజులలో పొదిగి, సుమారు వారంలో చర్మాన్ని తొలిచే స్థితికి వస్తాయి. అంటే ప్రకృతి మనకు కొంత గడువు ఇచ్చిందన్నమాట. ప్రతిరోజూ మలాన్ని ఎత్తివేసే ఇంట్లో ఆ గుడ్లకు ఎదిగే వ్యవధే దొరకదు. ఎత్తకుండా వదిలిన మట్టిలో టాక్సోకారా గుడ్లు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలపాటు సజీవంగా నిలుస్తాయి. ఎండకు, వానకు అవి సులభంగా చావవు. కుక్కకు ఒకే మూల అలవాటు చేయమని నేను ఇంతగా చెప్పడానికి అసలు కారణం ఇదే. వందగజాల ఆవరణ అంతటా వెదికి ఎత్తడం ఎవరివల్లా కాదు. నాలుగడుగుల మూలను శుభ్రం చేయడం ఎవరివల్లనైనా అవుతుంది.

ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం సందర్భంగా అంగన్‌వాడీలలో, పాఠశాలలలో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలు ఇస్తున్నారు. మంచి కార్యక్రమం. తప్పక వేయించండి. అయితే మాత్ర కడుపులోని పురుగును చంపుతుంది గాని పెరట్లోని మట్టిని శుభ్రం చేయదు. ఆ పని మనదే.

మూల ఎంపిక

పెరట్లో ఎండ బాగా తగిలి, నీరు నిలవని చోటు చూడండి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవులు వ్యాపించే అవకాశం ఉంది. ఇవి నిలవనీటిలో, తడిమట్టిలో బతుకుతాయి. ఎండకు ఆరిన చోట త్వరగా నశిస్తాయి. ఆ మూల బావికి, నీటి సంపుకు, ఆకుకూరల మడికి, కొత్తిమీర, పుదీన పెంచుకునే చోటికి దూరంగా ఉండాలి. పిల్లలు ఆడుకునే చోటుకూ, బట్టలు ఆరవేసే తీగ కిందకూ రాకూడదు. ఒక చిన్న కంచెతోనో, ఇటుకల వరుసతోనో హద్దు ఏర్పరిస్తే కుక్కకూ, ఇంటివారికీ గుర్తుగా ఉంటుంది.

వీధిలో పెరిగిన కుక్కలకు మట్టిమీద విసర్జించే అలవాటు ముందే ఉంటుంది. నున్నని గ్రానైట్, టైల్స్ వాటికి కొత్త. అందువల్ల మన దేశవాళీ కుక్కకు పెరటి అలవాటు చేయడం అనుకున్నంత కష్టం కాదు. మట్టి ఉన్న మూల చూపిస్తే చాలావరకు అదే గ్రహిస్తుంది.

శరీరధర్మాన్ని అనుసరించి నేర్పండి

ఆహారం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం మనుషులకూ, కుక్కలకూ సమానమైన శరీరధర్మం. పసిబిడ్డ పాలు తాగిన కొద్దిసేపటికే విరేచనం చేయడం తల్లులందరికీ తెలుసు. కుక్కపిల్ల కూడా అంతే. తిన్న పావుగంట నుంచి అరగంట లోపల, నిద్ర లేవగానే, ఆట ముగియగానే దానికి అవసరం కలుగుతుంది. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం, ఆడుతూ ఆడుతూ ఆగిపోయి మూలకు నడవడం దాని సంకేతాలు. ఈ వేళలను పట్టుకున్నవారు సగం పని పూర్తిచేసినట్లే.

తిండివేళలు కచ్చితంగా ఉంటే విసర్జన వేళలు కూడా కచ్చితంగా ఉంటాయి. పెద్ద కుక్కకు రోజుకు రెండుసార్లు, పిల్లకు మూడు నాలుగుసార్లు వేళకు పెట్టండి. గిన్నెలో రోజంతా అన్నం ఉంచకండి. మన ఇళ్ళలో మిగిలిన పులుసులు, వేపుళ్ళు, ఊరగాయ కలిసిన అన్నం పడవేయడం అలవాటు. కారానికి, నూనెకు, కొన్ని కుక్కలలో పాలకు కూడా విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలు పట్టుకున్న కుక్కకు ఏ శిక్షణా నిలవదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలకు హాని చేస్తాయి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మూత్రం పోస్తుందని నీళ్ళు తగ్గించడం పొరపాటు.

ఎంతసేపు ఆపుకోగలదన్నదానికి ఒక స్థూలమైన లెక్క ఉంది. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపండి. పగటిపూట అన్ని గంటలకు మించి అది ఆపుకోలేదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలన్నమాట. అదీ గరిష్ఠ పరిమితి. మొదటి రోజులలో అంతకంటె తరచుగా తీసుకువెళ్ళాలి. రాత్రి ఒకసారి లేవవలసి రావచ్చు.

తీసుకువెళ్ళే పద్ధతి ఇది. గొలుసు పట్టుకొని ప్రతిసారీ అదే మూలకు, అదే దారిలో నడిపించండి. అక్కడ కదలకుండా నిలబడండి. ఆటలాడించవద్దు. ఒక చిన్న మాటను ప్రతిసారీ అదే స్వరంతో పలకండి. పని పూర్తిచేసిన మరుక్షణమే మెచ్చుకొని, చిటికెడంత తినుబండారం పెట్టండి. లోపలికి వచ్చాక పెడితే ప్రయోజనం లేదు. తలుపు దాటినందుకు దొరికిందని అది అనుకుంటుంది. జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన ఇవాన్ పావ్లోవ్, కుక్కల మీద చేసిన ప్రయోగాలలో ఈ ముడి ఎలా పడుతుందో నిరూపించాడు. రెండు సంఘటనలు వెంటవెంటనే జరిగితేనే ఆ రెంటికీ సంబంధం ఉన్నట్లు మెదడు గ్రహిస్తుంది. మధ్య వ్యవధి పెరిగితే ముడి పడదు.

వీధిలో నడక కుక్కకు అవసరమే. కాని పెరటి పని ముగిసిన తరువాతనే బయలుదేరండి. అప్పుడు నడకే దానికి బహుమానమవుతుంది. ఎదురింటి గేటూ శుభ్రంగా ఉంటుంది. దారిలో మళ్ళీ విసర్జిస్తే ఎత్తడానికి చేతిలో కాగితమో, సంచో ఉంచుకోండి.

మొదటి కొన్ని వారాలు ఇల్లంతా స్వేచ్ఛగా తిరగనివ్వకండి. మీ కనుచూపులో ఉన్న ఒక గదికి పరిమితం చేయండి. ఏ కుక్కా తాను పడుకునే చోటును ఇష్టపూర్వకంగా పాడుచేసుకోదు. ఆ స్వభావాన్ని మనం వినియోగించుకోవాలి. పెద్ద కుక్కకు కొద్ది వారాలలో అలవాటు కుదురుతుంది. పిల్లకు కొన్ని నెలలు పట్టవచ్చు. మధ్యలో ఒకటి రెండుసార్లు తప్పినంతమాత్రాన మొదటికి వచ్చినట్లు కాదు.

ముక్కు రుద్దడం, కొట్టడం

ఇంట్లో మలం కనబడగానే కుక్కను ఈడ్చుకొచ్చి, దాని ముక్కును అందులో రుద్ది, నాలుగు దెబ్బలు వేయడం మన దగ్గర శిక్షణగా చలామణీ అవుతోంది. పైన చెప్పిన సూత్రం ప్రకారం ఆలోచించండి. గంట క్రితం చేసిన పనికి ఇప్పుడు పడిన దెబ్బకు సంబంధం ఉన్నట్లు కుక్కకు తెలియదు. యజమాని దగ్గరకు వస్తే దెబ్బ పడుతుందని మాత్రం తెలుస్తుంది. ఫలితంగా మీ ఎదుట విసర్జించడానికి భయపడుతుంది. మీరు పెరట్లో పక్కన నిలబడినంతసేపు ఆపుకొని, లోపలికి వచ్చాక సోఫా వెనుకకు పోతుంది. మీరు పెట్టిన భయం మీ శిక్షణకే అడ్డుపడుతుంది. కొన్ని కుక్కలు మనిషి గద్దించగానే వంగి కొద్దిగా మూత్రం పోస్తాయి. అది ధిక్కారం కాదు. బెదిరిన ప్రాణి లొంగుబాటు.

వైద్యునిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మూలకు తరిమి కొడితే తప్పించుకునే దారిలేని కుక్క కరుస్తుంది. కొత్తగా వచ్చిన కుక్క టీకా చరిత్ర చాలామందికి తెలియదు. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత బతికి బయటపడినవారు అత్యంత అరుదు. కాటుపడితే, అది కుక్కపిల్ల పంటిగాటైనా సరే, పసుపు, కారం, సున్నం అద్దకండి. ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా మోతాదులన్నీ పూర్తిచేయండి. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పినట్లు క్రమం తప్పకుండా వేయించాలి. కుక్కపిల్లకు రెండు వారాల వయసునుంచే పురుగుల మందు మొదలవుతుంది. తొలి ఆరు నెలలు తరచుగా, తరువాత కనీసం మూడు నెలలకొకసారి పశువైద్యుని సలహాతో ఇవ్వాలి.

ఇంట్లో పాడైన చోటును మొదట కాగితంతో అద్ది, సబ్బునీటితో కడిగి, ఆపైన వంటసోడా నీళ్ళతో తుడవండి. ఫినాయిల్ వాసన మన ముక్కును మభ్యపెడుతుంది గాని కుక్క ముక్కును కాదు. పైగా ఆ తడిమీద నడిచి పాదాలు నాకే కుక్కకు అది హాని. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పొడి చల్లితే ఘాటైన వాయువు పుట్టి కళ్ళు, గొంతు మండుతాయి. మొదటి రోజులలో మూత్రం అద్దిన కాగితాన్ని పెరటి మూలలో ఉంచండి. ఆ వాసన కుక్కకు దారి చూపుతుంది.

ఎత్తవలసింది ఎవరు

ఈ ప్రశ్న చాలా ఇళ్ళలో ఎవరూ పైకి అనరు. కుక్కను ముద్దాడేది ఇంటివారు. దాని మలం ఎత్తేది పనిమనిషి. ఆమెకు జీతంలో దానికి లెక్క లేదు, చేతికి తొడుగు లేదు, అడిగే చనువూ లేదు. ఒకరి మలాన్ని మరొకరిచేత ఎత్తించిన చరిత్ర మన సమాజానికి చాలదా? కుక్క మీద ప్రేమ ఉన్నవారి చేతులే ఆ పని చేయాలి. చిన్న పార, ఒక జత తొడుగులు, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఇంతకుమించి కష్టమేమీ లేదు. ఎత్తినదానిని ప్లాస్టిక్ సంచి లేకుండా మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోయవచ్చు. లేదా బావికి, కూరమొక్కలకు దూరంగా అడుగు లోతు గుంటలో పూడ్చవచ్చు. కూరగాయల మొక్కలకు ఎరువుగా మాత్రం వేయకండి. ఈ పనిని చిన్నపిల్లలకు అప్పగించకండి. రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడుతున్నవారు దూరంగా ఉండడం మంచిది. గర్భిణులకు కుక్క మలం వల్ల టాక్సోప్లాస్మా సోకుతుందన్న భయం తరచుగా వింటాను. ఆ జీవి గుడ్లను విసర్జించేది పిల్లిజాతి, కుక్క కాదు.

అలవాటు తప్పితే

నెలల తరబడి పెరటికే వెళ్ళిన కుక్క అకస్మాత్తుగా ఇంట్లో పాడుచేస్తే కోపగించుకోకముందు అనుమానించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, ముసలితనంలో వచ్చే కీళ్ళనొప్పులు, ఇవన్నీ మొదట ఈ రూపంలోనే బయటపడవచ్చు. కుక్కపిల్లకు వాంతులతో పాటు రక్త విరేచనాలు కనబడితే పార్వో వైరస్ కావచ్చు. గంటలు కూడా ఆలస్యం చేయరాదు. మగకుక్క కాలెత్తి గోడలకు చిన్న చిన్న ధారలు కొట్టడం వేరే సంగతి. అది తన హద్దును ప్రకటించుకోవడం. శస్త్రచికిత్సతో సంతాన నియంత్రణ చేయిస్తే చాలా కుక్కలలో అది తగ్గుతుంది.

కుక్కను తేదలచిన మిత్రులకు నాది ఒక్కటే విన్నపం. తెచ్చుకోవడానికి ముందు రోజు ఇంటిల్లిపాదీ కూర్చొని మూడు ప్రశ్నలకు సమాధానం తేల్చుకోండి. ఉదయం అయిదున్నరకు లేచి దానిని పెరటికి తీసుకువెళ్ళేది ఎవరు? మీరు ఊరికి వెళితే చూసేది ఎవరు? రోజూ పార పట్టేది ఎవరు? మూడింటికీ పేర్లు చెప్పగలిగితే నిస్సంకోచంగా తెచ్చుకోండి. "చూద్దాంలే" అన్న జవాబే వస్తే మరికొంత కాలం ఆగండి. అంతవరకు వీధిలోని కుక్కకు టీకా వేయించడానికి, దాని గిన్నెలో మంచినీళ్ళు పోయడానికి మిమ్మల్ని ఎవరూ అడ్డుకోరు. అదీ దయే.